రెండు భాషల మెదడు: నిమ్స్ అధ్యయనం చెప్పిందేమిటి, మనం విన్నదేమిటి

రెండు భాషలు వస్తే మతిమరుపు జబ్బు దరి చేరదనే మాట వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. ఆ మాటకు దొరికే గట్టి ఆధారాల్లో ఒకటి మన హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ ఆస్పత్రిలోనే పుట్టింది. కాకపోతే అక్కడ తేలింది ఒకటి, ఊళ్లో ప్రచారమైంది మరొకటి.

డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఈ ఫలితాలు ప్రచురించింది. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు ఉన్న 648 మంది రోగుల వివరాలు పరిశీలిస్తే, వారిలో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవారు. ఒక్క భాషే వచ్చినవారిలో జబ్బు లక్షణాలు సగటున 61.1 ఏళ్లకు మొదలైతే, రెండో వర్గంలో 65.6 ఏళ్లకు మొదలయ్యాయి. అంటే నాలుగున్నరేళ్ల తేడా.

అంతకుముందు 2007లో టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం కూడా నాలుగేళ్ల పైచిలుకు తేడా చూపించింది. కానీ అక్కడ రెండు భాషల వాళ్లలో చాలామంది వలస వచ్చినవారు. ఆ ఆలస్యానికి కారణం భాషా, లేక వలస వెళ్లగలిగిన ఆరోగ్యమా, జీవన విధానమా అన్న సందేహం తీరలేదు. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ తెలుగు, ఉర్దూ మాట్లాడటానికి ఎవరూ దేశం దాటి రానక్కర్లేదు. ఇంకా ముఖ్యమైన సంగతి, రోగుల్లో అసలు బడి ముఖమే చూడనివారూ ఉన్నారు. చదువు కూడా మెదడుకు ఆసరా ఇస్తుందంటారు కాబట్టి భాష ప్రభావాన్ని చదువు ప్రభావం నుంచి విడదీయడం కష్టం. నిరక్షరాస్యుల్లో ఆ పేచీ ఉండదు. వాళ్లలో తేడా దాదాపు ఆరేళ్లు. నా దృష్టిలో ఈ అధ్యయనానికి ప్రాణం ఆ అంకెలోనే ఉంది.

జబ్బు రాదని మాత్రం ఎవరూ తేల్చలేదు. 2012లో కెనడాలో 40 మంది అల్జీమర్స్ రోగుల సీటీ స్కాన్లు పోల్చి చూశారు. లక్షణాలు ఒకే స్థాయిలో ఉన్నా, రెండు భాషల వారి మెదడే ఎక్కువ కుంచించుకుపోయి ఉంది. అంటే లోపల జబ్బు తన పని తాను చేసుకుపోతూనే ఉంది. మెదడు దాన్ని తట్టుకుని ఇంకొంత కాలం పని నెట్టుకొచ్చింది. మూడో భాష, నాలుగో భాష వస్తే అదనపు మేలు కూడా నిమ్స్ లెక్కల్లో కనిపించలేదు. అదే బృందం 2016లో 608 మంది పక్షవాతం రోగులను పరిశీలించింది. ఆలోచన, జ్ఞాపకం మామూలుగా నిలిచినవారు రెండు భాషల వర్గంలో 40.5 శాతం, ఒక్క భాష వర్గంలో 19.6 శాతం. అయితే మాట పడిపోవడంలో తేడా లేదు.

ఇంతకీ మెదడుకు ఆ వ్యాయామం ఎక్కడ దొరుకుతోంది? బేగంబజార్‌లో ఒక కిరాణా కొట్టు ఊహించుకోండి. ఒకరు ‘ఉల్లిగడ్డ ఎంత?’ అంటారు, పక్కనే ఇంకొకరు ‘ప్యాజ్ కైసే దియే?’ అంటారు. కొట్టతని మనసులో రెండు పేర్లూ ఒకేసారి లేస్తాయి. ఎదుటి మనిషిని బట్టి ఒకదాన్ని అణచి రెండోదాన్ని పలకాలి. పేర్లతోనే అయిపోదు. ఉర్దూలో ‘హమ్’ అంటే సరిపోయేచోట తెలుగులో ‘మనం’ అనాలా, ‘మేము’ అనాలా అని తేల్చుకోవాలి. వింటున్న మనిషి ఆ లెక్కలో ఉన్నాడా లేడా అని ప్రతిసారీ చూసుకోవాలి. రోజంతా, నలభై ఏళ్లపాటు జరిగే ఈ ఎంపికే ఆ ఆసరాకు మూలమని పరిశోధకుల్లో ఒక వర్గం వాదన.

బలహీనతలూ చెప్పుకోవాలి. జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పేది ఇంట్లోవాళ్ల జ్ఞాపకం. పైగా లెక్కలోకి వచ్చేది ఆస్పత్రి గడప తొక్కినవారే. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలన్నీ కలిపి 2017లో సమీక్షిస్తే, రెండు భాషల వల్ల డిమెన్షియా తగ్గినట్టు కనిపించలేదు. అందుకని నిమ్స్ ఫలితాన్ని పక్కన పడేయాలని నేను అనుకోను. మన పట్టణాల్లో, పల్లెల్లో వేల మందిని పదిహేను, ఇరవై ఏళ్లు వెంబడించి చూస్తే తప్ప ఈ తగవు తీరదు.

ఈ పరిశోధనను ఇంగ్లిష్ మీడియానికి సాక్ష్యంగా తేవడం మాత్రం పొరపాటు. ఆ భాష మాట్లాడేవారితో ఆ భాషలో వ్యవహరించగలగడమే అక్కడ కొలమానం. పరీక్షలో మార్కులు కాదు. 2018లో తెలంగాణ చట్టం చేసి పదో తరగతి దాకా తెలుగును తప్పనిసరి చేసింది, మంచిదే. కానీ పీరియడ్ అయిపోగానే ఆ భాషతో పని లేకపోతే పైన చెప్పిన ఎంపిక జరిగేదెక్కడ? అమెరికాలో చాలా తెలుగు ఇళ్లలో అమ్మ తెలుగులో అడుగుతుంది, పిల్లాడు ఇంగ్లిష్‌లో జవాబిస్తాడు. వాడికి వినికిడి ఉంది, పలుకు లేదు. వారానికి ఒక రోజు తెలుగు తరగతికి పంపడం కన్నా, తెలుగు తప్ప రాని అమ్మమ్మతో రోజూ పావుగంట ఫోన్లో మాట్లాడించడం ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

మతిమరుపు అనుమానంతో పెద్దవాళ్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేవారు భాషా చరిత్ర కూడా రాసుకెళ్లాలి: ఇంట్లో ఏది, బజారులో ఏది, ఎన్నేళ్లుగా, ఇప్పుడు ఏది తప్పించుకుంటున్నారు. పరీక్ష వాళ్లు జీవితమంతా వాడిన భాషలోనే జరగాలి. చదువురాని మనిషికి చదివే, రాసే ప్రశ్నలు ఇస్తే జబ్బు లేకపోయినా మార్కులు పడిపోతాయి. నలభై ఏళ్లు బజారులో ఉర్దూ గలగలా మాట్లాడిన నాన్న ఈ ఆరు నెలలుగా తెలుగులోనే జవాబిస్తున్నాడంటే, అదీ డాక్టరుకు చెప్పండి.