బ్రాడీపేటలో కుందేలు పురుడు

డిసెంబరులో రాత్రి పాదరసం 17కి దిగిందంటే చాలు, గుంటూరులో బీరువాల అడుగు నుంచి మంకీ క్యాపులు బయటికొస్తాయి. కుందేలుకి ఆ చలి ఒక లెక్కలోది కాదు. ఒళ్ళంతా బొచ్చే కదా. దాని బాధంతా మన ఎండాకాలంతోనే. 40 దాటిన ఏప్రిల్, మే నెలల్లో మగ కుందేలు పేరుకే మగది, జత కట్టించినా చూలు నిలవదు. అది మళ్ళీ తేరుకునేసరికి వానలొస్తాయి. అందుకే మనవైపు కాన్పుల్లో చాలావరకు సరిగ్గా చలికాలంలోనే వచ్చి పడతాయి.

చిక్కల్లా పిల్లలతో. పుట్టిన కూన బరువు 50 గ్రాములు. ఒంటి మీద నూగు ఉండదు, కళ్ళు తెరుచుకోవు, చెవులు వినపడవు. దాని గూట్లో 30 డిగ్రీల పైచిలుకు వెచ్చదనం ఉండాలి. బయటేమో 17. ఈ తేడా పూడ్చడానికి బ్రాడీపేటలో ఓ మేడ మీద ఉమ్మడి కుటుంబం మొత్తం నడుం బిగించింది. వాళ్ళు బిగించకపోతే కుందేలే తన పాటికి తను పూడ్చుకునేది.

కుందేలు పేరు అమ్మడు. న్యూజిలాండ్ వైట్ జాతి, నాలుగు కిలోలుంటుంది. జత కట్టించిన తేదీని ఇంటాయన గ్యాసుబండ తేదీలు రాసుకునే కేలెండర్లోనే రాసిపెట్టాడు. కుందేలు 31 రోజులు మోస్తుంది, ఒకరోజు అటూ ఇటూ. ఈనడానికి పెట్టె 28వ రోజున పెట్టాలి. మరీ ముందు పెడితే దాన్నే దొడ్డి చేసుకుంటుంది, ఆలస్యమైతే ఇనప మెష్ మీదే ఈనేస్తుంది. తీరా 28వ రోజొచ్చేసరికి బామ్మగారు, "శూన్యమాసంలో కొత్త పెట్టె ఏవిట్రా, బుద్ధుందా?" అని అడ్డం పడ్డారు. తాతగారు పంచాంగం తిరగేసి, నాలుగు రోజులాగితే గడియ పర్వాలేదన్నారు. అమ్మడు పంచాంగం చూడదు కదా. ఇల్లాలు ఎవరికీ చెప్పకుండా ఆ రాత్రే పెట్టె పెట్టేసింది. కుందేళ్ళ సంగతి తెలిసిన మనిషి ఆ ఇంట్లో ఆవిడొక్కతే. కాబట్టి ఆవిడ మాట ఎవరూ వినరు.

పెట్టె చెక్కది. పొడుగు 18 అంగుళాలు, వెడల్పు 10, ఎత్తు 10. తల్లి లోపలికి దూకేవైపు గోడ మాత్రం 6 అంగుళాలే. అడుగున తడి జారిపోవడానికి చిల్లులు. వాటి మీద రెండంగుళాల మందాన చిత్రిక పట్టిన చెక్క పొరలు. రంపపు పొట్టు పనికిరాదు, కూనల ముక్కుల్లోకి పోతుంది. ఆ పైన పెట్టె నిండా ఎండుగడ్డి కూరి, వెనక మూల పిడికిలితో ఒక గుంట చెయ్యాలి. గడ్డి విషయంలో జాగ్రత్త. అప్పుడే కోసి నూర్చిన వరిగడ్డి చూపుకి ఎండినట్టే ఉంటుంది, గుప్పెట్లో పట్టి నలిపితే చల్లగా తగులుతుంది. ఆ చల్లదనమంతా తేమే. సున్నాకి దిగువన మంచు కురిసే దేశాల్లో కూడా కుందేళ్ళని ఈనిస్తున్నారు. గూడు పొడిగా ఉండి, గాలి దూరకపోతే చలి అంత తేలిగ్గా లోపలికి రాదు.

31వ రోజు రాత్రి అమ్మడు పొట్ట కిందా గదవ కిందా బొచ్చు పీక్కుని గుంటలో పరుచుకోవడం మొదలెట్టింది. "దిష్టి తగిలింది, ఒళ్ళు పీక్కుంటోంది" అని బామ్మగారు ఎండుమిరపకాయలూ ఉప్పూ పట్టుకొచ్చారు. ఆ బొచ్చే కూనలకి దుప్పటి. ఈనే సమయానికి అది దానంతటదే వదులవుతుంది. తల్లి చాలినంత పీక్కోకపోతే మనం పొట్ట దగ్గర మెల్లిగా లాగినా ఇట్టే ఊడొస్తుంది, దానికి నొప్పి ఉండదు. ఇదివరకటి కాన్పుల్లో మిగిలిన బొచ్చుని గుడ్డ సంచీలో దాచుకున్న ఇంట్లో ఈ గొడవే ఉండదు.

తెల్లారేసరికి ఏడు కూనలు. అక్కణ్ణుంచి బాలింత సేవలు మొదలు.

బామ్మగారు బూరుగుదూది దిండొకటి చించి గూట్లో పరవబోయారు. దూది పోగులు కూనల కాళ్ళకీ మెడకీ చుట్టుకుని బిగుసుకుంటాయి, కాలు నల్లబడి ఊడిపోయిన కూనలూ ఉంటాయి. ఇల్లాలు దిండు లాక్కుంది. తాతగారు పెట్టె నెత్తిన 100 వాట్ల బల్బు వేలాడదీశారు. అది క్రిస్మస్ నక్షత్రమనుకుని ఎదురు మేడవాళ్ళు కేకు పంపించారట. చలేస్తే కూనలు ఒకదాని మీదొకటెక్కి ముద్దగా పడుకుంటాయి. వేడెక్కువైతే తలో మూలకీ పాకిపోయి, ఎర్రగా కందిపోయి, రొప్పుతాయి. బల్బు వేసిన గంటకల్లా ఏడూ ఏడు దిక్కుల్లో ఉన్నాయి. కాసేపటికి అమ్మడు వైరు కొరకబోయింది. వేడి తప్పదనుకుంటే వేణ్ణీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పెట్టెకి ఒక పక్కన ఆనించాలి. అప్పుడు కూన తనకి కావలసినంత దగ్గరికి జరుగుతుంది, ఎక్కువైతే దూరం జరుగుతుంది.

మిర్చి యార్డులో గుమాస్తా పని చేసే బావమరిది అసలు ఘనకార్యం చేశాడు. "ఉత్తరపు గాలి కొడుతోంది బావా" అంటూ యార్డు నుంచి ఖాళీ గోనెసంచులు తెచ్చి బోను నాలుగు పక్కలా కట్టేశాడు. నిన్నటిదాకా తేజ రకం మిరపకాయలు మోసిన గోనెలవి. గాలి ఓ ఊపు ఊపగానే అమ్మడు తుమ్మింది. ఆనక తాతగారు, పనమ్మాయి, పక్క మేడ మీద వడియాలు పెడుతున్నావిడ వరసగా అందుకున్నారు. కుందేలు తుమ్ముని తేలిగ్గా తీసుకోకూడదు, ముక్కులోంచి ఊపిరితిత్తులకి దిగిందంటే అంతే సంగతులు. కారం లేని గోనెలైనా నాలుగు వైపులా కట్టడం తప్పే. ఉచ్చ నుంచి లేచే అమ్మోనియా ఘాటు పోవడానికి దారుండాలి. గాలి కొట్టే వైపొక్కటే మూసి, ఎదుటి వైపూ పై భాగమూ వదిలెయ్యాలి.

ఈ సందట్లో నీళ్ళ సంగతి మరిచారు. మరిచారనడం కంటే బామ్మగారు ఆపించారనడం న్యాయం. "పచ్చి బాలింతకి నీళ్ళేవిటే?" అని తొట్టి తీయించి కాయం ఉండ పెట్టబోయారు. ఈనిన కుందేలుకి దాహం విపరీతం. నీళ్ళందకపోతే పిల్లల్ని కొరికేసే ప్రమాదముంది. పాలిచ్చే తల్లికి రోజుకి లీటరు దాకా కావాలి. ఇల్లాలు తొట్టి నింపి, పక్కన గుప్పెడు పిల్లిపెసర వేసి, కాయం ఉండ తనే తినేసింది.

మర్నాడు పొద్దున ఒక కూన మెష్ మీద బిగుసుకుపోయి దొరికింది. చన్ను వదలకుండా వేలాడుతుంటే తల్లి గబుక్కున బయటికి దూకేసరికి దానితోపాటే వచ్చి పడింది. పిల్లి లాగా నోట కరిచి వెనక్కి తీసుకెళ్ళే అలవాటు కుందేలుకి లేదు. బావమరిది దాన్ని అరటిచెట్టు మొదట్లో పాతెయ్యడానికి బయల్దేరాడు. "వేడి చేసి చూశాక కదరా పోయిందనాలి!" అని ఇల్లాలు మెట్ల మీదే ఆపింది.

వేణ్ణీళ్ళు కావాలి. వేడి 38 నుంచి 40 డిగ్రీలు, అంటే మోచేతి మీద పోసుకుంటే చంటిపిల్ల స్నానానికి సరిపోయేంత. ఆ మాట చెవిన పడగానే బామ్మగారు పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, నలుగుపిండి తెమ్మన్నారు. నలుగు మాన్పించి, కూన తల నీళ్ళ పైనే ఉండేట్టు రెండు నిమిషాలు ముంచి ఉంచారు. తీశాక మెత్తటి గుడ్డతో చుక్క తడి లేకుండా తుడవాలి, తడి ఒళ్ళు మళ్ళీ క్షణంలో చల్లబడుతుంది. తాతగారు ఆవుపాలూ ఉగ్గుగిన్నె పట్టుకుని సిద్ధంగా నిలబడ్డారు. చల్లబడిన కూనకి పాలు పట్టడమంటే ఊపిరితిత్తుల్లో పొయ్యడమే, మింగే శక్తి దానికుండదు. బామ్మగారు దాన్ని అరచేతుల మధ్య పెట్టుకు కూచున్నారు. అరగంటకి నీలంగా ఉన్న మూతి గులాబీ రంగుకి తిరిగింది, వెనక కాలొకటి ఆవిడ బొటనవేలిని తన్నింది. వెంటనే తీసుకెళ్ళి గూట్లో మిగతా ఆరింటి నడుమ పెట్టారు. మన చెయ్యి తగిలితే తల్లి చంపేస్తుందని బావమరిది భయపెట్టాడు గానీ, రోజూ మన చేత్తో తినే కుందేలు ఆ పని చెయ్యదు. అంతగా అనుమానముంటే ముందు దాని గడ్డిలో చేతులు రుద్దుకుంటే సరి.

తర్వాతి గొడవ పాల గురించి. పగలంతా అమ్మడు పెట్టె వైపే చూడలేదని తాతగారు దాన్ని రాక్షసి కింద జమకట్టారు. కుందేలు రోజుకి ఒక్కసారే, చీకటివేళ, మూడు నాలుగు నిమిషాలు పాలిస్తుంది. పొద్దున్నే కూన పొట్ట చూస్తే తెలిసిపోతుంది. పాలు తాగినదాని పొట్ట బూరెలా ఉబ్బి, పల్చటి చర్మం లోంచి పాలు తెల్లగా కనిపిస్తాయి. పస్తున్నదాని చర్మం ముడతలు పడి ఉంటుంది. అలాంటివి రెండు మూడుంటే, దగ్గర దగ్గర రోజుల్లో ఈనిన ఇంకో తల్లి గూట్లో కలిపెయ్యచ్చు. అందుకే తెలిసినవాళ్ళు రెండు ఆడవాటికి ఒకే రోజు జత కట్టిస్తారు.

అయిదో రోజుకి నూగు, పది పన్నెండుకి కళ్ళు. మూడు వారాలకి పెట్టె తీసెయ్యచ్చు. సరిగ్గా ఇరవై ఒకటో రోజు గనక బారసాల చెయ్యాల్సిందేనని బామ్మగారు. ఆడవో మగవో తేలందే పేర్లెలా పెడతారని తాతగారి అభ్యంతరం, ఆ వయసులో తేల్చడం కష్టం కూడాను. ఆ వాదన తెగకముందే బావమరిది ఉయ్యాలకి పనికొస్తుంది కదాని యార్డు నుంచి ఇంకో ఖాళీ గోనె తెచ్చాడు.