మఖ్మల్ కాయ

మా బామ్మర్దికి ఉన్నట్టుండి ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. ఉండేది గచ్చిబౌలిలో, పద్నాలుగో అంతస్తులో. ఓ రాత్రి ఫోన్ చేసి, "పోరడు ఫోన్ ఇడుస్తలేడు బావా. కార్తీకమాసం గదా, వనభోజనాలకు మీ దిక్కొస్తం. వానికి చెట్టూ పుట్టా చూపియ్యాలె" అన్నాడు.

ముందు మహబూబ్‌నగర్ పిల్లలమర్రి అనుకున్నాం. కానీ ఆ ఏడు వందల ఏండ్ల మానుకు చెదలు పట్టి, 2018లో సెలైన్ సీసాలు వేలాడదీసి మందెక్కించారు. పేషెంటును పలకరించినట్టు చూసి రావడమే గానీ, ఊడలు పట్టుకుని ఊగే ముచ్చట లేదు. అందుకని బాలానగర్ దిక్కు ఓ గుట్ట కిందికి పోయాం. సీతాఫలాల్లో ఓ రకానికి ఆ ఊరి పేరే పెట్టారు. మేం పోయేసరికి చెట్ల మీద ఆకులే మిగిలాయనుకోండి, అది వేరే సంగతి.

కారు దిగిన మా అల్లుడికి టోపీ, నల్లద్దాలు, మోకాళ్ల దాకా సాక్సులు, ఒళ్లంతా దోమల క్రీము. "ఏదీ ముట్టుకోకు" అని వాళ్లమ్మ. "అన్నీ ముట్టుకో" అని వాళ్ల నాన్న. అవతల ఊరి పిల్లలు చిర్రగోనె ఆడుతుంటే వాడు అటే చూస్తూ, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు. ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో వాడికి ఎరుకే.

నేను ఉసిరిచెట్టు కింద విస్తర్లు పరిచే పనిలో ఉన్నాను. బామ్మర్ది పొదకు అల్లుకున్న తీగ నుంచి ఓ వంకర కాయ తెంపాడు. చింతకాయంత ఉంది, మీద బంగారు రంగు నూగు.

"చూడు నాన్నా, మఖ్మల్ లెక్క ఎంత మెత్తగున్నదో!" అని చెంపకు రాసుకున్నాడు. చాలదన్నట్టు మెడకు కూడా.

తర్వాత ఆయన చేసిన నాట్యానికి చిర్రగోనె ఆగిపోయింది. మా చెల్లె పరుగున వచ్చి తడి కాగితాలతో రుద్దింది. మెడ మీది దురద వీపుకు దిగింది.

మేకలు కాసే తాత తాపీగా వచ్చాడు. "దూలగొండి గదా సారూ! గోకకుండ్రి, రుద్దకుండ్రి. పచ్చి పేడ పూసి ఎండనియ్యుండ్రి, నూగంత దానెంబడే ఊడొస్తది."

"పేడనా?" అంది మా చెల్లె.

ఆ మాట పూర్తి కాకముందే ఊరి పిల్లలు ఉరికారు, వాళ్ల వెనుక మా అల్లుడు కూడా. టోపీ ఎక్కడ పడిందో తెలియదు. దోసిలి నిండా పేడతో వచ్చాడు. వాళ్ల నాన్న చెంపలకు, మెడకు, చెవుల వెనుక కూడా గోడ అలికినంత శ్రద్ధగా పూశాడు. అడగకున్నా నుదుటికి కూడా ఓ పూత వేశాడు.

బామ్మర్ది మూతి కదపకుండా ఫోన్‌లో చదువుతున్నాడు: "ఆ నూగుల మ్యుకునైన్ అని ఉంటదట బావా. సెరటోనిన్ కూడా ఉందట. దురద వాటితోనే."

అన్నాలు తినే వేళకు అల్లుడు నా పక్కన చేరాడు. మోచేతుల దాకా మట్టి, ఒక కాలికే సాక్సు.

"మామా, వచ్చే ఆదివారం డాడీతో ఏం ముట్టిద్దాం?"