పీనుగులకు బడ్జెట్ పెంచరాదు

తెలుగు సినిమా ఓరుగల్లుకు ఎంతోకాలంగా చేస్తూ వచ్చిన అన్యాయం ఒకటి ఎట్టకేలకు తొలగిపోయింది. హిందీవారి పుణ్యమా అని గోవాకు 2013లోనే జాంబీలు వచ్చాయి. 2021లో మన తెలుగువారే వాటిని రాయలసీమలో దింపారు. కాకతీయులు రాజధాని చేసుకొని ఏలిన నగరానికి మాత్రం, ఇన్ని తోరణాలూ ఇన్ని గుట్టలూ ఉండి కూడా, లేచి నడిచే శవాన్ని ఒక్కదాన్నైనా మంజూరు చేయాలని ఏ నిర్మాతకూ తోచలేదు. ఈ ప్రాంతీయ అసమానతను స్థానిక యువకులు కొందరు చందాలు వేసుకొని సవరించారు. వారి సినిమా పేరు ఇక్కడ రాయడం లేదు. తీసినవారిలో ఇద్దరు ముగ్గురు హనుమకొండ చౌరస్తాలో నాకు తరచుగా ఎదురుపడతారు. పైగా మా ఇంట్లో జరగబోయే పెళ్లికి వీడియో తీయవలసినది కూడా వారే.

సినిమా చూసి బయటికి వస్తున్నవారిలో చాలామంది "పాపం, పైసలు లేక గిట్ల తీసిండ్రు" అని జాలిపడ్డారు. ఈ జాలి పడవలసిన చోట పడలేదని మనవి చేయడమే నా ఉద్దేశం. ఈ చిత్రంలో మెచ్చుకోదగిన దృశ్యాలన్నీ డబ్బు లేనందువల్ల పుట్టినవే. కుర్చీలోంచి లేచిపోవాలనిపించే దృశ్యాల వెనుక మాత్రం ఎవరో అప్పిచ్చిన జాడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ దృశ్యాన్నే తీసుకుందాం. మార్కెట్‌కు సెలవున్న రోజు చూసుకొని తీసినట్టున్నారు. అడ్తిదారులు లేరు, తూకం వేసే దడువాయిలు లేరు, కాంటాలు మూలకు పడి ఉన్నాయి. మిర్చి బస్తాల వరుసల మధ్య కథానాయకుడు, కథానాయిక, వారి హాస్యపు మిత్రుడు నక్కి కూర్చున్నారు. జాంబీలకు చూపు ఆనదనీ, చప్పుడు వినబడితే మాత్రం వదలవనీ మనకు అంతకుముందే చెప్పారు. మార్చి నెలలో ఆ బస్తాల నడుమ దగ్గకుండా కూర్చోవడం ఎంతటి తపస్సో వేరే ఊరివారికి చెప్పినా అర్థం కాదు. కథానాయిక చున్నీని నోట్లో కుక్కుకుంటుంది, ముక్కు ఎర్రబడుతుంది, కళ్ల వెంట ధారగా నీళ్లు కారుతాయి. ఆ నీళ్లలో గ్లిజరిన్ చుక్క కూడా లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. సరిగ్గా అప్పుడు, హమాలీ అంగీ తొడుక్కున్న ముందువరుస శవం ఒకటి ఆగి, ముఖం పైకెత్తి, నోరు తెరిచి, బలంగా తుమ్ముతుంది. బస్తా చాటున ఉన్న హాస్యనటుడు పెంపకం మంచిది కావడం చేత, అప్రయత్నంగా "చిరంజీవ" అంటాడు. ఆ ఒక్క మాటతో ముగ్గురూ పట్టుబడిపోతారు.

ఊపిరి లేని శవానికి తుమ్ము ఎక్కడిదని శాస్త్రం తెలిసినవారు అడగవచ్చు. నేను విచారించగా తేలింది ఏమిటంటే, తుమ్మింది నటన కాదు, దాన్ని తీసేసి మళ్లీ తీయడానికి వారికి సమయమూ లేదు. చేసేది లేక, తుమ్మును ఉంచుకొని "చిరంజీవ"ను అక్కడికక్కడ చేర్చారు. పొరపాటును ఇలా కథలోకి మలుపుకోవడానికి పెద్ద పరంపరే ఉన్నది. 2017లో జపాన్‌లో షినిచిరో ఉయెదా సుమారు 30 లక్షల యెన్‌లతో తీసిన 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' 37 నిమిషాలపాటు కోత లేకుండా సాగే ఒకే షాట్‌తో మొదలవుతుంది. ఆ షాట్‌లో మనకు తప్పులుగా తోచినవాటికి సంజాయిషీ చెప్పడమే మిగతా సినిమా. అది పెట్టుబడికి వెయ్యి రెట్లకు పైగా సంపాదించింది. మనవారి తుమ్ముకు అంత ఆదాయం వస్తుందని నేను హామీ ఇవ్వలేను గాని, దర్జాగా పది టేకులు తీసుకొనే స్తోమత ఉండి ఉంటే ఆ శవం తుమ్మేది కాదు, మనం అంత చక్కటి దృశ్యానికి నోచుకొనేవాళ్లమూ కాదు.

రక్తం విషయంలోనూ దారిద్ర్యమే కళకు తోడ్పడింది. 1968లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ పరిసరాల్లో జార్జ్ రొమేరో, స్నేహితుల చేత డబ్బు పెట్టించి, సుమారు 1,14,000 డాలర్లతో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' తీసినప్పుడు రక్తానికి బదులుగా చాక్లెట్ సిరప్ వాడారు. అది నలుపు తెలుపుల చిత్రం కనుక చెల్లింది. మనవారిది రంగుల సినిమా కావడం చేత గులాబీ షర్బత్‌కు మారవలసి వచ్చింది. నడి ఎండాకాలంలో ఒంటికి షర్బత్ పూసుకొని ఆరుబయట నిలబడితే ఈగలు ఏం చేస్తాయో అవి అదే చేశాయి. పిలవకుండా వచ్చి, తర్ఫీదు లేకుండా నటించి, భోజనం కూడా సెట్ మీదనే ముగించుకొని వెళ్లిన ఈ కళాకారుల వల్ల జాంబీలకు వచ్చిన నిజత్వం వర్ణనాతీతం. ఒక్కటే చిక్కు: ఈగలకు కథ చెప్పినవారు లేరు. అవి కథానాయకుడి చేతికట్టు మీద కూడా అంతే శ్రద్ధగా వాలాయి. విశ్రాంతి తర్వాత బయటపడవలసిన రహస్యం అక్కడే బయటపడింది.

ఇక ఈ సినిమా గురించి ఎగతాళి మాని చెప్పవలసిన చోటు ఒకటున్నది. 1934లో మొదలై, వేలమందికి అన్నం పెట్టి, ఆ తర్వాత మూతపడి యంత్రాలతో సహా అమ్ముడుపోయిన ఆజంజాహి బట్టల మిల్లు ఇక్కడ అందరికీ తెలిసినదే. చిత్రంలో ముసలి శవాలు కొన్ని రోజూ తెల్లవారేసరికి గుంపు విడిచి ఆ మిల్లు ఉండిన దిక్కుకు నడుస్తాయి, అక్కడ వరుసలో నిలబడతాయి, కాసేపటికి వెనక్కి వస్తాయి. ఎందుకో ఎవరూ చెప్పరు. 1978లో రొమేరోయే తీసిన తరువాతి జాంబీ చిత్రంలో శవాలు పాత అలవాటు కొద్దీ షాపింగ్ మాల్‌కు చేరతాయి; మనవి షిఫ్టుకు వచ్చాయి. మిల్లు గేటును సెట్ వేయడానికి అంచనా వేయించారని, ఆ అంకె చూసి మానుకున్నారని విన్నాను. మానుకున్నందువల్ల తెర మీద ఉత్త నేల, ప్లాట్ల హద్దురాళ్లు మాత్రమే ఉన్నాయి. గేటు కట్టి ఉంటే మనం గేటును చూసేవాళ్లం.

శవాలను పనిలో పెట్టడం ఈ కళారూపానికి కొత్త కూడా కాదు. 1932 నాటి 'వైట్ జాంబీ'లో హైతీ దేశపు చక్కెర మిల్లులో జాంబీలు కూలీ లేకుండా రాత్రింబవళ్లు గానుగ తిప్పుతాయి. ఆ సంప్రదాయాన్ని మనవారు కెమెరాకు ఇవతల కూడా నిష్ఠగా పాటించారు: శవాలుగా వేసినవారికి ముట్టింది మధ్యాహ్నం ఒక పులిహోర పొట్లం. అయినా వారి నటన ముందు జీతం తీసుకున్నవారి నటన నిలవలేదు. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న జాతరకు వెళ్లి శివసత్తుల పూనకం కళ్లారా చూసిన మనిషికి, ఒళ్లు తన స్వాధీనంలో లేనప్పుడు భుజం ఎటు వాలుతుందో, పాదం నేలను ఎలా వెతుక్కుంటుందో ఎవరూ నేర్పనక్కరలేదు. చేతులు ముందుకు చాపి, పళ్లు ఇకిలించి, విదేశీ సినిమాల్లోలాగా ఊగినవారు ఇద్దరే ఉన్నారు. వారిద్దరూ యాక్టింగ్ కోర్సు చేసినవారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు డబ్బు ఖర్చుపెట్టిన చోట్లకు వద్దాం.

మొదటిది డ్రోన్. అద్దెకు తెచ్చిన వస్తువును ఊరికే ఉంచడం ఇష్టం లేక కాబోలు, దృశ్యం మారిన ప్రతిసారీ భద్రకాళి చెరువు మీదుగా ఒక చుట్టు, వేయిస్తంభాల గుడి మీదుగా ఒక చుట్టు తిప్పారు. నగరం నాశనమైపోయిందని కింద పాత్రలు ఏడుస్తుంటే, పైనుంచి చూపిన నగరంలో ఆటోలు, బస్సులు, పానీపూరీ బండ్లు నిశ్చింతగా తమ పని తాము చేసుకుంటున్నాయి. కెమెరా పట్టినవారి పూర్వాశ్రమం పెళ్లిళ్లు కావడం చేత, జాంబీల గుంపు మొదటిసారి వీధిలోకి వచ్చినప్పుడు వరపూజకు వస్తున్న మగపెళ్లివారిని చూపినట్టు స్లో మోషన్‌లో చూపించారు; చచ్చినవాడి బంధువులను వరుసగా, వయసు క్రమంలో, ఎవరినీ నొప్పించకుండా పేరుపేరునా తెర మీదకు తెచ్చారు.

రెండోది పాట. ఊరంతా పీనుగులమయమై, పెట్రోల్ బంకులు మూతపడి, బతికినవారు మంచినీళ్లకు కటకటలాడుతున్న వేళ, నాయకుడూ నాయికా డెబ్బై కిలోమీటర్ల చిలుకు దూరంలో ఉన్న లక్నవరం వెళ్లి, వేలాడే వంతెన మీద, మూడు జతల బట్టలు మార్చుకొని ప్రేమను ప్రకటించుకున్నారు. దారిలో వారిని ఒక్క శవమూ అడ్డగించలేదు. శవాలకు ఉన్న ఇంగితం అది.

మూడోది ప్రయోగశాల. ఏదో బడిలోని కెమిస్ట్రీ గదిని అద్దెకు తీసుకొని, సీసాల్లో మైలుతుత్తం నీళ్లు నింపి, తెల్లకోటు వేసుకున్న శాస్త్రవేత్త చేత వైరస్ పుట్టుపూర్వోత్తరాలు చెప్పించారు. ఆయన చెబుతున్నంతసేపూ పక్కన ఆకుపచ్చ బంతి ఒకటి గ్రాఫిక్స్‌లో గిరగిరా తిరుగుతుంది. మొత్తం ఖర్చులో పెద్ద వాటా దానిదేనట. రొమేరో 1968లో ఈ బాధ్యతను శుక్రగ్రహం నుంచి తిరిగివస్తున్న అంతరిక్ష నౌక మీదకు, అది కూడా టీవీ వార్తల్లో నిపుణులు నసుగుతుండగా, నెట్టేసి చేతులు దులుపుకున్నాడు. భయానికి కారణం చెప్పడం మొదలుపెడితే అది పాఠం అవుతుందని, పాఠానికి నిద్రపోవడం మనవాళ్లకు బడిలోనే అలవాటైందని మన దర్శకుడు గ్రహించవలసింది.

నాలుగోది, నాకు అన్నిటికంటే ఎక్కువ కష్టం కలిగించినది, కథానాయకుడి నోటి మాట. అతడు ఓరుగల్లు హంటర్ రోడ్డులో పుట్టి పెరిగినవాడని కథలో చెప్పారు. అతడి తల్లి "బిడ్డా, బయటికి పోకురా, పానం గుంజుతాంది" అని ఏడుస్తుంటే అతడు "నువ్వు భయపడకమ్మా, నేనున్నానుగా" అని ఏ కోస్తా రేవులోనో దిగివచ్చినవాడిలా జవాబిస్తాడు. డబ్బింగ్ కోసం హైదరాబాద్ నుంచి డబ్బిచ్చి మరీ గొంతు తెప్పించారట. మన యాస హాస్యనటుడికీ, తల్లికీ, మొదటి పది నిమిషాల్లో చచ్చేవారికీ మాత్రమే మిగిలింది. మన యాస నాయకుడి నోట పలికితే టికెట్లు తెగవన్న భయం బయటి నిర్మాతలకు ఉండేదని తెలుసు. వరంగల్‌లో, వరంగల్ వారి చందాలతో, వరంగల్ వారి కోసం తీసిన సినిమాకు కూడా ఆ భయం అంటుకున్నదంటే, శాస్త్రవేత్త చెప్పిన వైరస్ కంటే ఇది గట్టిదై ఉండాలి. ఎక్కడా మాట్లాడని జాంబీలే ఈ చిత్రంలో నిఖార్సైన ఓరుగల్లువారు.

చిన్నాచితకా లోపాలను సాగదీయను. శవాలన్నిటికీ ఒకే మనిషి మూలిగినందువల్ల గుంపు మొత్తానికి ఒకే జలుబు చేసినట్టున్నది. మొదటి సగంలో కాళ్లీడ్చిన శవాలు రెండో సగంలో పరుగెత్తుతాయి. సాయంత్రం వెలుతురు తగ్గిపోతుంటే దర్శకుడు తొందరపెట్టి ఉంటాడు. మిల్లు కావలివాడు చివరి బీడీ ముట్టించి ప్రాణం విడిచి, అదే బీడీ నోట్లో ఉండగానే శవమై లేచినప్పుడు, తెర అడుగున ధూమపానం ఆరోగ్యానికి హానికరమన్న హెచ్చరిక యథావిధిగా కొనసాగింది. దీన్ని కొందరు లోపమంటున్నారు. పౌరుడి ఆరోగ్యం మీద ప్రభుత్వానికి ఉన్న శ్రద్ధ అతడి మరణంతో ఆగిపోనక్కరలేదని నేను భావిస్తున్నాను.

చివర్లో తెర మీద రెండో భాగం ప్రకటించారు. అందులో శవాలు హైదరాబాద్ మీదుగా దుబాయ్ వెళతాయట, ఆకుపచ్చ బంతులు వందల్లో ఉంటాయట, నాయకుడికి ముంబై నుంచి గొంతు తెప్పిస్తారట, మిల్లు గేటు కూడా కట్టిస్తారట. ఈ వార్త విని మొదట నేను చాలా ఆందోళన చెందాను. తర్వాత విచారిస్తే, ఈ ఖర్చంతటికీ నిర్మాత నమ్ముకున్నది ఊళ్లోని ఒక కంపెనీలో తాను పాడుకున్న చిట్టీ డబ్బు అనీ, దాని కోసం ఏడాదిగా ఆ ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతున్నాడనీ, "వచ్చే సోమవారం రండి సార్" అని వారు మర్యాదగా చెప్పి పంపుతున్నారనీ తెలిసి మనసు కుదుటపడింది.