సిమెంటుకి శనివారం సెలవు

ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజుకి ముగుస్తుందో తేదీలు వేసిపెట్టే సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్. దాని లెక్కలో మనకింకా స్వాతంత్ర్యం రాలేదు. నమ్మకపోతే కొత్త ఫైలు తెరిచి చూడండి. ‘స్టాండర్డ్’ అని ఒక క్యాలెండర్ చేతిలో పెడుతుంది: సోమవారం నుంచి శుక్రవారం దాకా, పొద్దున 8 నుంచి 12, మళ్లీ ఒంటిగంట నుంచి 5, అంతే. ఆగస్టు 15 వారం మధ్యలో వస్తే అదీ పనిదినమే. అమెరికా వాళ్ల జులై 4 కూడా అందులో ఉండదు కాబట్టి మనమీద వివక్ష చూపించారని గోల చేయడానికీ వీల్లేదు. పండగలు కావాలంటే ‘చేంజ్ వర్కింగ్ టైమ్’ తెరిచి, ఎక్సెప్షన్ల కింద ఒక్కొక్కటే మనమే కొట్టుకోవాలి. ఎవరు కొడతారు? టెండరు గడువు రేపు, ప్లాను ఇవాళ సాయంత్రానికి కావాలి.

ఈ క్యాలెండర్ నమ్ముకునే కడపలో మూడంతస్తులు లేపుతున్నారు. శుక్రవారం సాయంత్రానికి స్లాబు పోశారనుకోండి. కాంక్రీటు పనులకి మన దేశంలో పాటించే ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, మన ఊరి లాంటి ఎండలకైతే 10 రోజులు తడి ఆరకూడదు. సరే, తక్కువలో తక్కువ 7 అనే కొడదాం. సాఫ్ట్‌వేర్ దాన్ని 7 పనిదినాలుగా తీసుకుని, సోమవారం నుంచి వేళ్లు మడిచి, ఆ పై వారం మంగళవారానికి తేలుస్తుంది. మధ్యలో రెండు శనివారాలు, రెండు ఆదివారాలు పోయాయి కదా, ఆ నాలుగు రోజులూ సిమెంటు గట్టిపడటం ఆపేసి విశ్రాంతి తీసుకుందన్నమాట. కార్మిక చట్టాలు ఇంత శ్రద్ధగా అమలైన వస్తువు ఈ జిల్లాలో ఇంకోటి లేదు. దీనికి విరుగుడు లేకపోలేదు, 7 పక్కన ‘ఈడీ’ అని కొడితే సెలవులతో సంబంధం లేకుండా రోజుకి 24 గంటల చొప్పున లెక్కేస్తుంది (కంగారు పడకండి, సోదాలకొచ్చే ఈడీ కాదు). సిమెంటు సంగతి అలా తేలింది గానీ, స్లాబు మీద మడి కట్టి నీళ్లు పెట్టే మనిషి ఉంటాడు చూడండి, వాడు ఆదివారమూ రావాలి, పండగపూటా రావాలి, వాడు మాత్రం ఆ ప్లానులో ఎక్కడా కనపడడు.

ఇక కొంచెం బాధ్యత గల ప్లానింగ్ ఇంజినీర్లుంటారు, వాళ్లతో ఇంకా ప్రమాదం. 2024లో ఉగాది ఏప్రిల్ 9, రంజాన్ ఏప్రిల్ 11. రెండూ ఎక్కించి, పనిలో పనిగా ‘ప్రతి ఏడాదీ’ అని టిక్ కొట్టేస్తారు. ఆగస్టు 15కి ఆ టిక్కు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. 2025లో మాత్రం ఉగాది మార్చి 30 ఆదివారం, రంజాన్ ఆ మర్నాడే, 31న వచ్చాయి. మార్చి 31న అందరూ సేమియా తింటుంటే ప్లాను ప్రకారం ఇటుక పని జోరుగా సాగుతోంది, ఏప్రిల్ 9న మనుషులంతా సైటుకొస్తే సెలవు. ఏప్రిల్ 11న కూడా సెలవే గానీ అది అదృష్టం కొద్దీ సరిపోయింది, ఆ రాత్రి ఒంటిమిట్టలో కల్యాణం. అందరికీ సీతారాముల పెళ్లి నవమినాడు పట్టపగలు అయిపోతుంది, మనకి మాత్రం నవమి వెళ్లాక పున్నమి వెన్నెల్లో. దీనికి ఏ టిక్కు కొట్టాలో ఎవరైనా చెబితే రుణపడి ఉంటాం. రంజాన్ సంగతైతే ముందు రోజు సాయంత్రం నెలవంక కనపడితే గానీ తేలదు, సాఫ్ట్‌వేర్‌కేమో ఏడాది ముందే తేదీ కావాలి.

అప్పుడు తెలివైనవాళ్లు రిసోర్స్ క్యాలెండర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. ఒక్కో మనిషికి ఒక్కో క్యాలెండర్ పెట్టుకోవచ్చు: ఉగాదికి వీళ్లకి సెలవు, రంజాన్‌కి వాళ్లకి సెలవు, పని ఆగదు. ఈ ఐడియా ఇచ్చినవాళ్లు ఒక్కసారి ఉగాది పొద్దున దేవుని కడపకి రావాలి. కొబ్బరికాయలు పట్టుకుని వెంకటేశ్వరస్వామి గుడి లైన్లో నిలబడ్డ ముస్లిం కుటుంబాలని చూశాక, సెంట్రింగ్ గ్యాంగుని ఏ క్యాలెండర్‌కి తగిలిస్తారో నాకూ చూడాలనుంది.

పనికొక క్యాలెండర్, మనిషికొక క్యాలెండర్ పెట్టామనుకోండి, రెండూ ఎక్కడా కలవకపోతే ‘ఇద్దరికీ కుదిరే సమయం చాలినంత లేదు’ అని సాఫ్ట్‌వేర్ హెచ్చరిస్తుంది. అమావాస్యకి మేస్త్రీ పని ముట్టడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు. మే నెలలో పదకొండు దాటితే కమ్మీ చేత్తో పట్టుకోలేం, పొద్దున ఆరింటికే దిగాలి. వీటన్నిటినీ నిజాయితీగా ఎక్కించిన ఏ ఫైలైనా ఆ హెచ్చరిక ఇవ్వకుండా ఉంటే అనుమానించాల్సిందే.

గృహప్రవేశం గురించి ఒక్క ముక్క. సాఫ్ట్‌వేర్ భాషలో అది మైలురాయి, పట్టే సమయం సున్నా రోజులు. సున్నా! చుట్టాలు దిగి, వంటలయ్యి, ‘ఇంకో రెండ్రోజులుండి పోదాం’ అనేవాళ్లంతా బస్సెక్కేదాకా సున్నా. 2026లో జ్యేష్ఠం రెండుసార్లు, మే 17 నుంచి జూన్ 15 దాకా అధికమాసం. ఆ నెలలో పని పూర్తయితే తాళం చెవులు పట్టుకుని కూర్చోవడమే, ముహూర్తం పెట్టే అయ్యవారు దొరకడు.

ఇన్ని తప్పులతో ఇన్నాళ్లూ బిల్డింగులు ఎలా లేచాయంటే, ఆ శనివారాల పుణ్యం. స్టాండర్డ్ క్యాలెండర్‌లో శనివారం సెలవు, మన సైటులో శనివారం పని. ఏడాదికి 52 రోజులు ఎవరికీ తెలియకుండా చేతిలో మిగులుతాయి. ఉగాదులు, అమావాస్యలు, మేస్త్రీ మరదలి పెళ్లి, అన్నీ ఆ ఖాతాలోంచే ఖర్చు పెట్టుకుంటూ నెట్టుకొస్తున్నాం. పండగలు రాయకపోవడం ఒక తప్పు, శనివారాలు వదిలేయడం ఇంకో తప్పు, రెండూ కలిసి సంసారం సాఫీగా నడుస్తోంది.

దాన్ని చెడగొట్టింది హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక రివ్యూ మీటింగు. ‘మీరు శనివారాలు పనిచేస్తున్నారట కదా’ అని కనిపెట్టేసి, వారానికి ఆరు రోజులు చేసేశారు. పండగలు ఎక్కించలేదు, అది ‘నెక్స్ట్ రివిజన్‌లో’ అట. ముగింపు తేదీ ఒక్కసారిగా దగ్గరికొచ్చేసింది, అందరూ చప్పట్లు కొట్టారు. కొత్త ప్లాను ప్రకారం స్లాబు తేదీ 2025 మార్చి 29, శనివారం. మేస్త్రీకి చెబితే గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు, నావైపు చూశాడు.

‘శని అమావాస్య పూట పొయ్యమన్న ఆయప్ప ఎవురో ఆయప్పనే రమ్మనండి సార్. మర్సనాడు ఉగాది, ఆ మర్సనాడు రంజాను. నీళ్లు గూడా ఆయప్పే పెట్టుకుంటాడు.’