ఉక్కంత గట్టి అన్న మేజోళ్లు ఊరికే ఎందుకు చిరిగాయి?

మా అమ్మ ట్రంకుపెట్టెలో ఒక నైలాన్ చీర ఉండేది. 1970ల్లో, పెళ్లైన కొత్తలో కొనుక్కుంది. ఏళ్ల తరబడి కట్టింది. ఆ తర్వాత దాంతోనే మాకు ఉయ్యాల కట్టింది. చివరికి అడవిపందులు రాకుండా మా మామయ్య దాన్ని వేరుశనగ చేను చుట్టూ కడితే రెండు పంటలు కాపలా కాసింది. ఎండకు రంగు వెలిసిపోయింది గానీ గుడ్డ పీలికలు కాలేదు. ఇదే నైలాన్‌తో చేసి 1950ల్లో అమెరికా ఆడవాళ్లకు అమ్మిన, తొడ దాకా వచ్చే పల్చటి మేజోళ్లు (స్టాకింగ్స్) మాత్రం కొన్నిసార్లు తొడుక్కున్న రోజే పాడైపోయేవి. గోరు తగిలినా, కుర్చీ పేడు గీరుకున్నా చాలు, మోకాలి నుంచి మడమ దాకా కుట్లు జారి సన్నగా నిచ్చెన లాంటి చీలిక పడేది.

దీని మీద యూట్యూబ్‌లో, వాట్సాప్‌లో ఓ కథ తిరుగుతూ ఉంటుంది. మొదట్లో నైలాన్ మేజోళ్లు ఎంతకీ చిరిగేవి కావట, ఒకసారి కొన్నవాళ్లు మళ్లీ కొట్టు మొహం చూడలేదట, దాంతో కంపెనీ తన ఇంజినీర్లనే పిలిచి దారాన్ని బలహీనం చేయమందట. విలన్ ఒక్కడే కాబట్టి కథ వినడానికి బాగుంటుంది. నాకు మాత్రం అసలు సంగతి ఇంతకన్నా ఆసక్తికరంగా కనిపిస్తుంది. ఇందులో చాటుమాటు వ్యవహారం అక్కర్లేదు. చిరిగే గుణాన్ని బహిరంగంగానే, పెట్టె మీద అంకె వేసి మరీ అమ్మారు. పైగా దానికి ఎక్కువ ధర పెట్టారు.

నైలాన్ పుట్టింది అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో, విల్మింగ్టన్ దగ్గర డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో. హార్వర్డ్‌లో రసాయనశాస్త్రం పాఠాలు చెబుతున్న వాలెస్ కరోథర్స్‌ను 1928లో కంపెనీ తెచ్చుకుంది. 1935 ఫిబ్రవరి 28న ఆయన బృందం చేతికి ఈ పదార్థం వచ్చింది. మనోవ్యాధితో చాలాకాలం నలిగిన కరోథర్స్ 1937 ఏప్రిల్‌లో, 41వ ఏట, ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్ గదిలో ప్రాణం తీసుకున్నాడు. తన దారంతో అల్లిన మేజోళ్లు కొట్లోకి రావడం ఆయన చూడలేదు.

కొత్త దారం చేతిలో ఉంది. దాంతో ఏం చేయాలి? తాడు చేయొచ్చు, వల చేయొచ్చు, గుడ్డ నేయొచ్చు. 1938లో బజారుకొచ్చిన మొదటి సరుకు టూత్‌బ్రష్ కుచ్చు. కానీ కంపెనీ కన్ను మొదటి నుంచీ మేజోళ్ల మీదే. 1920ల్లో గౌన్ల అంచులు మోకాళ్ల దాకా పైకి జరగడంతో, అప్పటిదాకా ఎవరికీ కనిపించని మేజోడు అందరికీ కనిపించే వస్తువైంది. ఆఫీసుకైనా చర్చికైనా అది లేకుండా ఆడవాళ్లు గడప దాటని పరిస్థితి. అమెరికా దిగుమతి చేసుకునే పట్టులో తొంభై శాతం దాకా జపాన్ నుంచే వచ్చేది, అందులో సింహభాగం కాళ్లకే పోయేది. ఆ పట్టు మేజోళ్లు కూడా ఊరికే చిరిగేవే. అంటే డ్యూపాంట్ ఏరికోరి దిగింది జనం పదేపదే కొనక తప్పని సరుకులోకి. మన్నికే లక్ష్యమైతే ఆ కంపెనీ ముందు వెళ్లాల్సింది తాళ్ల బజారుకు. యుద్ధం వచ్చాక ఎలాగూ అక్కడికే వెళ్లింది, అది తర్వాతి మాట.

1938 అక్టోబర్ 27న ఈ కొత్త దారాన్ని లోకానికి చూపించినప్పుడు కంపెనీ ఉపాధ్యక్షుడు ఛార్లెస్ స్టైన్ ఎదురుగా కూర్చున్నది శాస్త్రవేత్తలు కాదు, న్యూయార్క్‌లో ఒక పత్రిక పెట్టిన సభకు వచ్చిన వేలమంది మహిళా సంఘాల సభ్యులు. బొగ్గు, నీరు, గాలి కలిపి చేసిన దారం ఇది, ఉక్కంత గట్టిది, సాలెగూడంత సన్ననిది అని ఆయన చెప్పాడు. ఒకే వాక్యంలో రెండు మాటలిచ్చేశాడు. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆ రెండింటికీ పొసగలేదు, ప్రతిసారీ నెగ్గింది రెండోదే.

అన్నట్టు, బొగ్గు పేరు అంత గట్టిగా చెప్పడానికీ ఓ కారణం ఉంది. కుళ్లిన శవాల్లో పుట్టే కాడవెరిన్ అనే రసాయనం పేరు ఆ పేటెంట్ కాగితాల్లో ఒకచోట కనబడింది. దాంతో శవాల నుంచి మేజోళ్లు తీస్తున్నారన్న పుకారు పత్రికలకెక్కింది. అలాంటి పుకారు పక్కన బొగ్గు శుభ్రమైన వస్తువే కదా.

ఇక దారం తీసే పద్ధతి. రెండు రసాయనాలను కలిపి ఉప్పులా చేసి, దాన్ని పెద్ద ప్రెషర్ పాత్రలో ఉడికిస్తే చిక్కటి ముద్ద తయారవుతుంది. ఆ ముద్దను పట్టీలా సాగదీసి, చల్లార్చి, రవ్వల్లా కొడతారు. ఈ రవ్వలను 260 డిగ్రీలు దాటిన వేడిలో మళ్లీ కరిగించి, సన్నటి రంధ్రాలున్న లోహపు బిళ్లలోంచి ఒత్తుతారు. జంతికల గొట్టం తిప్పిన ఎవరికైనా ఇక్కడి దాకా తెలిసిన పనే. తేడా ఆ తర్వాత వస్తుంది. గాలి తగిలి గట్టిపడిన పోగును చల్లారాక దాదాపు నాలుగింతల పొడవుకు సాగదీస్తారు. అప్పటిదాకా చిందరవందరగా ఉన్న అణువులు ఒకే దిక్కుకు బారులు తీరతాయి. నైలాన్ బలమంతా ఆ సాగదీతలోనే ఉంది. 1939 డిసెంబర్‌లో డెలావేర్‌లోనే సీఫోర్డ్ అనే చిన్న ఊళ్లో ఈ దారానికి తొలి ఫ్యాక్టరీ మొదలైంది.

డ్యూపాంట్ ఒక్క మేజోడు కూడా అల్లలేదు. దారం తీసి మిల్లులకు అమ్మింది, అంతే. అల్లిక అంతా పెన్సిల్వేనియాలోని రెడింగ్ లాంటి మిల్లు ఊళ్లలో జరిగేది. అక్కడి బెర్క్‌షైర్ నిట్టింగ్ మిల్స్ ఈ పనిలో ప్రపంచంలోనే అతి పెద్ద ఫ్యాక్టరీగా పేరు పడింది. ఈ మిల్లుల యంత్రాలకు మూలపురుషుడు ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోకు చెందిన విలియం కాటన్, ఆయన పేటెంట్ 1864 నాటిది. గోదావరి కాటన్ దొర వేరు, ఈయన వేరు. ఇంటిపేరు కాటన్ అయినా, ఈయన యంత్రం జగమంతా తిరిగింది మాత్రం పట్టు మేజోళ్ల వల్ల, ఆ తర్వాత నైలాన్ వల్ల. గది ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగే ఆ యంత్రం మీద ఒకేసారి ముప్పై మేజోళ్ల దాకా తయారయ్యేవి.

తయారయ్యేవి అన్నాను గానీ యంత్రం దిగేటప్పటికి అవి మేజోళ్లలా ఉండవు. బల్లపరుపుగా, పైన వెడల్పు, కింద సన్నం, తోరణానికి కట్టిన అరిటాకు చీలికలా ఉంటాయి. తొడ దగ్గర దళసరి పట్టీతో అల్లిక మొదలవుతుంది. పిక్క దాటి చీలమండ వైపు దిగే కొద్దీ అంచున ఉన్న కుట్లను యంత్రం ఒక్కొక్కటిగా లోపలికి జరుపుతుంది, అలా కాలి ఆకారం అల్లికలోనే వస్తుంది. కుట్టు జరిపిన ప్రతి చోటా చిన్న చుక్క మిగులుతుంది. ఆ చుక్కల వరస చూసే సరుకు అసలుదా కాదా అని పోల్చుకునేవాళ్లు. యంత్రం నడిపేది మగవాళ్లు, మిల్లు కూలీల్లో వాళ్ల జీతాలే ఎక్కువ. బొటనవేలి దగ్గర కుట్టు కుట్టుగా కలపడం, వెనక అతుకు వేయడం, చేతికి తొడుక్కుని వెలుగులో పోగు పోగూ చూడటం, ఛాయ కలిసిన రెండింటిని ఏరి జత కట్టడం ఆడవాళ్ల పని. మేజోళ్లను కాలి ఆకారపు లోహపు అచ్చులకు తొడిగి ఆవిరి పట్టడం పట్టు కాలంలో అద్దకం అయ్యాక చేసే పని. నైలాన్‌తో అలా కుదరదు, రంగు తొట్టిలో పడిన ముడత జన్మకు పోదు. అందుకని ముందే ఆవిరి పట్టి, ఆ తర్వాత రంగు వేయడం నేర్చుకున్నారు. ఆవిరిలో ఏ ఆకారం ఇస్తే ఆ ఆకారంలోనే నిలిచిపోయే ఈ గుణం ఆ మిల్లులకే ఎసరు పెట్టింది, ఎలాగో చివర్లో చెబుతాను.

అమ్మకం ఒక పథకం ప్రకారం సాగింది. 1939 అక్టోబర్ 24న విల్మింగ్టన్‌లో మాత్రమే 4,000 జతలు పెట్టారు. ఊళ్లో ఇల్లున్నట్టు అడ్రస్ చెబితేనే జత ఇచ్చారు. దాంతో బయటి ఊళ్ల నుంచి రైలెక్కి వచ్చి హోటల్లో దిగినవాళ్లూ ఉన్నారు. 1940 మే 15న దేశమంతా అమ్మకం మొదలైతే దాదాపు 40 లక్షల జతలు కొద్ది రోజుల్లోనే ఖాళీ అయ్యాయి. జత ధర 1.15 నుంచి 1.35 డాలర్లు, అంటే మామూలు పట్టు జత కన్నా ఎక్కువే. మొదటి ఏడాది అమ్ముడుపోయినవి 6.4 కోట్ల జతలు. కంపెనీ నైలాన్ అన్న మాటను ట్రేడ్‌మార్క్ చేసుకోలేదు. మామూలు నామవాచకంలా జనం నోట్లో నానాలనే వదిలేసింది, అలాగే నానింది. మన కిరాణా కొట్లో దొరికే ఒక రకం సగ్గుబియ్యాన్ని నైలాన్ సగ్గుబియ్యం అంటున్నామంటే ఆ మాట ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో చూడండి!

ఇంతలో యుద్ధం. 1941 ఆగస్టుకల్లా జపాన్ పట్టు ఆగిపోయింది, 1942 ఫిబ్రవరిలో నైలాన్ కూడా సైన్యానికి వెళ్లిపోయింది. పారాచూట్లు, విమానాల టైర్లలో దారం, గ్లైడర్లను లాగే తాళ్లు అన్నీ దాంతోనే. ఆడవాళ్లు కాళ్లకు గోధుమరంగు పూత పూసుకుని, వెనక కనుబొమల పెన్సిల్‌తో నిలువు గీత గీసుకుని మేజోళ్లు తొడుక్కున్నట్టు నడిచారు. యుద్ధం అయ్యాక జరిగిన తొక్కిసలాటలను పత్రికలు ఏకంగా నైలాన్ అల్లర్లన్నాయి. 1946లో పిట్స్‌బర్గ్‌లో 13,000 జతల కోసం 40,000 మంది క్యూ కట్టారు. మేజోళ్ల కోసం కొట్టుకున్నారని ఆడవాళ్లను వెక్కిరించడం అప్పటి పత్రికలకు సరదా. గీత సరిగ్గా లేకపోయినా, కాళ్లు బోసిగా ఉన్నా ఉద్యోగంలో మాట పడేది ఎవరు? దారం తీసే హక్కును 1951 దాకా అమెరికాలో ఇంకెవరికీ ఇవ్వకుండా తన దగ్గరే పెట్టుకుంది ఎవరు? ఆ ప్రశ్నలు వెక్కిరించినవాళ్లకు తట్టినట్టు లేదు.

ఇప్పుడు అసలు అంకె దగ్గరికి వద్దాం. పెట్టె మీద రెండు అంకెలుండేవి. ఒకటి గేజ్, అంటే ఒకటిన్నర అంగుళంలో ఎన్ని సూదులన్నది. రెండోది డెనియర్, అంటే 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందన్నది. మన చేనేతలో కౌంట్ పెరిగితే నూలు సన్నబడుతుంది, ఇక్కడ లెక్క తిరగేసి ఉంటుంది. 15 డెనియర్ దారాన్ని చార్మినార్ దగ్గర మొదలుపెట్టి సికింద్రాబాద్ స్టేషన్ దాకా పరిచినా ఇంచుమించు మూడు చిన్న చెంచాల పంచదార బరువే ఉంటుంది. 1940 నాటి మేజోళ్లలో ఎక్కువ భాగం 30 డెనియర్, ఆ పైన దారంతో అల్లినవి. అందులో సన్నటి పోగులు అనేకం కలిసి మెలికపడి ఉండేవి. 1950లు వచ్చేసరికి మామూలు సరుకే 15 డెనియర్, అదీ ఒంటి పోగు. తర్వాత 12, 10 కూడా వచ్చాయి. బరువు సగమైతే ఆ పోగు ఓర్చుకునే లాగుడూ సగమే. దీనికి ప్రయోగశాలలో ఎవరూ ఏమీ కలపక్కర్లేదు, తక్కెడ చాలు.

దానికి తోడు అల్లిక. చీరలో పడుగూ పేకా ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి ఒక పోగు తెగినా పక్కది ఆపుతుంది. అమ్మ చీర అన్నేళ్లు నిలవడంలో నైలాన్ గొప్ప ఎంతో నేత గొప్పా అంతే. మేజోడు మొత్తం ఒకదాంట్లోంచి ఒకటి దూరిన ఉచ్చుల వరస. ఒక ఉచ్చు తెగితే దాన్ని ఆనుకున్నవన్నీ జారతాయి.

కొనేవాళ్లకు ఇదంతా తెలియదా అంటే, తెలుసు. కౌంటర్లో అమ్మాయి గోళ్లు నున్నగా అరగదీసుకుని, మేజోట్లోకి చెయ్యి దూర్చి, వేళ్లు విప్పి అరచేయి కనిపించేలా చూపించేది. చెయ్యి ఎంత స్పష్టంగా కనిపిస్తే సరుకు అంత గొప్పది. లాగి చూపించడం, బలం చూపించడం లేదు. పైగా ఒకే ఛాయలో మూడు జతలు తీసుకోమని సలహా, ఒక కాలిది పోతే మిగతావాటితో జత కలుస్తుందని. చిరగడం ఖాయమన్న ఒప్పందం మీదే ఆ పెట్టెలో మూడు జతలు సర్దేవాళ్లు. రోజూ వేసుకోవడానికి 30 డెనియర్, పార్టీకి 15 అని ఆడవాళ్లు కూడా లెక్క వేసుకునేవాళ్లు. సన్నగా కొక్కెంలాంటి సూదితో జారిన కుట్లను పైకి ఎక్కించి బాగుచేసే కొట్లు ఉండేవి. మన రఫూ పనివాళ్లలాగే నిచ్చెనకు ఇంత అని తీసుకునేవాళ్లు. జత ధర తగ్గే కొద్దీ ఆ కొట్లు మూతపడ్డాయి.

కాబట్టి ఇంజినీర్ల మీద నిందవేసే కథ నాకు నచ్చదు. అది నిజంగా లాభపడిన లెక్కను దాచేస్తుంది. సన్న దారానికి పౌను బరువుకు వచ్చే ధర ఎక్కువ, మిల్లుకు పేరు, కొట్టుకు తిరిగొచ్చే గిరాకీ. నష్టం మాత్రం కొనే ఆమె ఒక్కరి జీతంలోంచి వారం వారం పోయేది. అందరికీ కనిపించేలా నడిచిన ఈ బేరాన్ని కుట్ర అనేస్తే, కుట్ర లేని చోట అంతా సవ్యమే అన్న భ్రమ మిగులుతుంది.

రెడింగ్ మిల్లుల సంగతి బాకీ ఉన్నాను. ఆవిరిలో ఏ ఆకారం ఇస్తే అలా నిలిచే దారమైనప్పుడు, కాలి ఆకారాన్ని అల్లికలో తెచ్చే పనితనం దేనికి? గొట్టంలా గుండ్రంగా అల్లేసి, అచ్చుకు తొడిగి ఆవిరి పడితే చాలు. 1950ల చివరి నుంచి అతుకు లేని మేజోళ్లు బజారును ఆక్రమించాయి. 1959లో నార్త్ కరోలినాలోని గ్లెన్ రావెన్ మిల్లు మేజోళ్లనూ లోదుస్తునూ కలిపి ఒకే తొడుగుగా తెచ్చింది. ఆ గది పొడవు యంత్రాలు చాలావరకు తుక్కు కింద పోయాయి. అయితే వెనక గీత లేకపోతే కాలు బోసిగా ఉందనుకునే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల కోసం కొన్ని మిల్లులు అతుకు అవసరమే లేని గొట్టానికి వెనక ఉత్తుత్తి అతుకు కుట్టించి అమ్మాయి.