పది నిమిషాల పనికి 500 రూపాయలా? ఆ మెసేజీకి ఒక కరెంటు మేస్త్రి జవాబు

నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఒక మెసేజీ తెగ తిరుగుతోంది. కరెంటాయన పది నిమిషాలు పని చేసి 500 తీసుకుంటున్నాడు, అంటే గంటకి 3,000, సాఫ్ట్‌వేర్ వాళ్లకి కూడా అంత రాదు అని మొదలవుతుంది. ఇల్లు చూసి రేటు చెప్తారని, సామాన్ల షాపులో కమీషన్ తింటారని, అదే పని 150కి చేసేవాళ్లున్నారని, బిల్లు ఇవ్వకుండా పన్ను ఎగ్గొడతారని సాగి, ఇకమీదట వీడియోలు చూసి మీరే చేసుకోండి అంటూ ముగుస్తుంది. నేను ఈ ఊళ్లో సొంతంగా కరెంటు పని చేసుకుని బతికేవాణ్ణి. చదివి బాధేసింది. అందుకే రాస్తున్నా.

గంటకి 3,000 అనే లెక్క ముందు చూద్దాం. రోజుకి ఎనిమిది గంటలు వరసపెట్టి అలాంటి పనులే దొరికితే అది నిజమయ్యేది. వేదాయపాళెంలో ఉన్నవాడికి కోవూరు నుంచి పిలుపొస్తే పెన్నా దాటి పోవాలి. వానాకాలంలో అండర్ బ్రిడ్జీల్లో నీళ్లు నిలిస్తే ఊళ్లోనే తిరిగి తిరిగి పోవాలి. పోయి చూశాక సామాను కోసం షాపుకి ఒకసారి, మళ్లీ ఇంటికి ఒకసారి. ఇలాంటి చిల్లర పనులు రోజుకి మూడు నాలుగు మించి పట్టవు. ఎండాకాలం ఫోను ఆగదు. వాయుగుండం పట్టి వారం రోజులు ముసురుపడితే గోడలన్నీ తడి, కొత్త వైరింగు జోలికి ఎవరూ పోరు. ఆ ఖాళీ రోజుల తిండి, పెట్రోలు, డ్రిల్లింగ్ మిషను బిట్లు, హెల్పరు కూలి, నాలుగు రోజులకి “అన్నా, మళ్లీ పోయింది” అంటే ఉచితంగా వెళ్లొచ్చే ఖర్చు, ఇవన్నీ ఆ 500లోనే రావాలి. నెల జీతం ఇచ్చేవాడు మాకెవడూ లేడు.

ఆ పది నిమిషాల సంగతి కూడా చెప్తాను. మైపాడు వైపు ఒక ఇంట్లో ఫ్యాను వేస్తే లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయని పిలిచారు. బోర్డులన్నీ విప్పి చూశా, ఎక్కడా తేడా లేదు. మెయిన్ ఆపి ఒక్కో జంక్షన్ బాక్సు తెరుస్తూ పోతే, చివరికి వంటింటి దగ్గర బాక్సులో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెనక్కి పోయే వైరు) జాయింటు దొరికింది. టేపు కరిగి నల్లగా అతుక్కుపోయింది. లోపల రాగి పచ్చగా చిలుం పట్టి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. సముద్రం గాలిలో ఉప్పు చేసే పని అది. కోసేసి కొత్తగా జాయింటు వెయ్యడానికి పది నిమిషాలే పట్టింది. కనుక్కోడానికి గంటన్నర. న్యూట్రల్ని తేలిగ్గా తీసుకోకూడదు. 3 ఫేజుల సర్వీసులో మెయిన్ న్యూట్రల్ తెగితే 230 వోల్టులుండాల్సిన చోట 400 దాకా ఎక్కొచ్చు. ఫ్రిజ్జు, టీవీ ఒకేసారి కాలిపోతాయి.

ఇల్లు చూసి రేటు చెప్తాం. నిజమే, చూడకుండా చెప్పేవాణ్ణి నమ్మొద్దనే నేనంటా. మాగుంట లేఅవుట్‌లో కొత్త అపార్టుమెంటు అయితే పైపుల్లో వైరు సులువుగా జారుతుంది, ప్లగ్ పాయింటు అరగంటలో అయిపోతుంది. స్టోన్‌హౌస్‌పేటలో చెక్క దూలాల పాత మిద్దెలో అదే పాయింటు పెట్టాలంటే పాత వైరు కదిలిస్తే చాలు, పైతొడుగు పెళుసై ఊడొస్తుంది. ఒక పాయింటుకని పోయి లైనంతా మార్చాల్సొస్తుంది. మేం చూసేది ఇంటి గోడల్ని, ఇంట్లోవాళ్ల హోదాని కాదు.

కమీషన్ విషయంలో ఆ మెసేజీ చెప్పింది పూర్తిగా అబద్ధం అనను. కొన్ని షాపులు మేస్త్రికి ఎంతో కొంత ఇవ్వడం ఉంది. దానికోసం అక్కర్లేని సామాను రాయించేవాళ్లూ ఉన్నారు, అది తప్పే. అయితే కూలి దగ్గర గీచిగీచి బేరమాడి, ఆ లోటు ఎక్కణ్ణుంచి పూడుతుందో చూడకపోవడం వల్లే ఈ అలవాటు బతికి ఉంది. కూలి సరిగ్గా మాట్లాడుకుని, సైజులు రాసిన చీటీ తీసుకుని, ఐఎస్ఐ మార్కు చూసి సామాను మీరే కొనుక్కోండి. నాకైతే అదే ఇష్టం.

ఇక 150కి చేసేవాడు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఈ మాటే. 3,000 వాట్ల గీజరు దాదాపు 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి మెయిన్ బాక్సు నుంచి విడిగా లావు వైరు, సొంత ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువ లాగితే దానంతటదే పడిపోయే స్విచ్) కావాలి. 150కి వచ్చినవాడు పక్కనున్న లైటు బోర్డు నుంచి సన్న వైరు లాగి ఇస్తాడు. లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఎర్తు వైరు మడిచి లోపల పెట్టేస్తాడు. ఎర్తు లేకపోయినా నీళ్లు కాగుతాయి కాబట్టి మీకు తెలియదు. లోపలి ఎలిమెంటు దెబ్బతిన్న రోజున కరెంటు నీళ్లలోకి, కుళాయిలోకి వస్తుంది. ఆ టైములో స్నానం చేస్తున్నది ఎవరన్నది మన చేతుల్లో లేదు. నేను ఎక్కువ అడిగేది ఆ ఎర్తు గుంట దాకా చూసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టి, టెస్ట్ బటన్ నొక్కి మీ ముందే పడగొట్టి చూపించడానికి.

బిల్లు, పన్ను: ఏడాదికి 20 లక్షలు దాటని సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మాలాంటివాళ్లం దాని దరిదాపుల్లో ఉండం. చేతిరాత రసీదు మాత్రం అడగండి, ఇవ్వాల్సిందే.

వీడియోలు చూసి బల్బు, హోల్డరు మార్చుకోవచ్చు, కాదనను. కానీ స్విచ్ ఆపాం కదా అని చెయ్యి పెట్టొద్దు. కొన్ని ఇళ్లల్లో స్విచ్ పొరపాటున న్యూట్రల్ మీద పడి ఉంటుంది, బల్బు ఆరినా హోల్డరులో కరెంటు ఉంటుంది. మెయిన్ ఆపండి. ఇన్వర్టరు ఉంటే దాన్ని కూడా ఆపండి, మెయిన్ ఆపినా అది లైన్లకి కరెంటు ఇస్తూనే ఉంటుంది. తర్వాత టెస్టరు పెట్టి చూసి, అప్పుడు ముట్టుకోండి.