కన్సోల్.లాగ్ మహాత్మ్యం

నోడ్‌లో, అంటే జావాస్క్రిప్ట్‌తో, సర్వర్లు రాసే మనవాళ్లకు ఒక నిష్ఠ ఉంది. ప్రోగ్రాంలో ఏం జరిగిందో పద్ధతిగా రాసిపెట్టే లాగర్ ముట్టరు. అడిగి చూడండి, "ఏదైనా ఒక లైను ప్రింట్ చేయడానికి కన్సోల్.లాగ్ ఉంది కదన్నా, మళ్లీ లాగర్ దేనికి?" అంటారు. నిజమే, దేనికి? పినో, విన్‌స్టన్ అనే లాగర్లు రెండూ నోడ్ ప్యాకేజీల భండారమైన ఎన్‌పీఎంలో ఊరికే దొరుకుతాయి. ఊరికే దొరికేదానికి విలువేముంటుంది!

ఈ నిష్ఠాపరుల లాగుల్ని రాత్రి రెండింటికి, పేమెంట్లు ఆగిపోయినప్పుడు చదవాలి. అప్పుడే రసం తెలుస్తుంది. మొదటి లైను: "వచ్చింది". రెండోది: "ఇక్కడికీ వచ్చింది". ఏది, ఎక్కడికి, ఎప్పుడు? టైమ్‌స్టాంప్ ఉండదు. రాతి మీద శాసనం చెక్కించిన రాజులు సైతం శక సంవత్సరం వేసేవారు! తర్వాత లైను నిండా సమానం గుర్తులు. దాని కింద చదరపు బ్రాకెట్లలో "ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్". కస్టమర్ ఆర్డర్ మొత్తాన్ని ప్లస్ గుర్తుతో స్ట్రింగ్‌కు అతికిస్తే జావాస్క్రిప్ట్ చెప్పే జవాబు అదే. ఆ కింద "చివరిసారి". ఇంకా కింద "నిజంగా చివరిసారి". రాసినాయన హైక్ తీసుకుని ఎప్పుడో వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. రాత్రి సమస్యొస్తే లేచి చూడాల్సిన ఆన్‌కాల్ పిల్లాడు మాత్రం "వచ్చింది"లోని అంతరార్థం వెతుకుతూ తెల్లవార్లూ కూర్చుంటాడు.

పోనీ లాగర్ పెట్టడం బ్రహ్మవిద్యా? ఒక ఫైలు, నాలుగు లైన్లు. ఎంత వివరంగా రాయాలో చెప్పే లాగ్ లెవెల్‌ను, కోడ్ బయట ఉండే సెట్టింగైన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి చదవమనాలి, అది లేకపోతే మామూలు లెవెల్ ఇన్ఫో అనుకోమనాలి. కస్టమర్లు వాడే ప్రొడక్షన్‌లో మరింత వివరమిచ్చే డీబగ్ లెవెల్ కావాలంటే వేరియబుల్ మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు, కోడ్ జోలికి వెళ్లక్కర్లేదు. ఇంత తేలికైతే మనకు తృప్తేదీ? ఒక కన్సోల్.లాగ్ చేర్చి, మార్పును కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పెట్టి, రివ్యూకి బతిమాలి, డిప్లాయ్ చేసి, ఆనక దాన్ని తీసేయడానికి ఇంకో టికెట్ తెరవాలి. విన్‌స్టన్‌లో డీబగ్ కన్నా కింద "సిల్లీ" అని ఒక లెవెల్ ఉంది. ఎవరి కోసం పెట్టారో నాకైతే అనుమానం లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. లాగిన్ రూట్‌లో యూజర్ పంపిన రిక్వెస్ట్ బాడీ మొత్తం ప్రింట్ చేసేవాడిని చూస్తే మాత్రం నాకు నవ్వు రాదు. పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ నంబర్, అన్నీ బట్టబయలు, నిన్న చేరిన ఇంటర్న్ కూడా చదువుకోవచ్చు. గుర్తుపట్టలేని అక్షరాలుగా మారకముందే, అంటే హ్యాష్ కాకముందే, పాస్‌వర్డ్‌లు లోపలి లాగులో పడ్డాయని 2018 మేలో ట్విటర్ తన 33 కోట్ల మందినీ పాస్‌వర్డ్ మార్చుకోమంది. అది చదివాక కూడా మీ చేయి కన్సోల్.లాగ్ మీదికే పోతుందంటే సిగ్గుండాలి! పినోలో రిడాక్ట్ అని ఒక ఆప్షన్ ఉంది, దాచాల్సిన ఫీల్డుల పేర్లిస్తే విలువల్ని అదే కప్పేస్తుంది. ఆ ఒక్క లైను రాయడానికి బద్ధకమా? అయితే మీ బ్యాంకు పాస్‌వర్డ్‌తో ఆడుకోండి, మా అమ్మ ఓటీపీతో కాదు.